నేను ఆడిన ఒక్కగానొక్క బేరం

పోయిన వారం మా చిన్నమ్మాయి ఫ్లాటు కొనుక్కుంటున్నానని చెప్పి, బైపాసు పక్కన కడుతున్న అపార్టుమెంటు ఆఫీసుకి నన్ను కూడా వెంటబెట్టుకెళ్ళింది. లోపల చల్లగా ఏసీ, కూర్చోగానే చేతికి కొబ్బరినీళ్ళు. బల్ల వెనకున్న ఆవిడ నవ్వుతూ రేటు చెప్పింది, మా అమ్మాయి కూడా నవ్వుతూనే అంత ఇచ్చుకోలేమంది, ఆవిడ ఫోనులో ఎవరికో ఏదో రాసి పంపింది, మేము కొబ్బరినీళ్ళు తాగడం పూర్తయ్యేలోగా రెండు లక్షలు తగ్గించామని జవాబు వచ్చేసింది. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ విసురుగా లేచి నిలబడలేదు. నేను మాత్రం చెమట పట్టిన అరచేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. చలేస్తోందా అని అడిగింది మా అమ్మాయి. చలి కాదు, ముప్పై అయిదేళ్ళ కిందటి భయం అని దానికెలా చెప్పను? చాలీచాలని డబ్బు కొంగున ముడేసుకుని పరాయివాళ్ళ గుమ్మంలో నిలబడ్డ నా ఈడు వాళ్ళైతే నవ్వరని మీతో చెప్పుకుంటున్నాను.

అప్పట్లో నేను ఇక్కడే, అనకాపల్లిలో, ఒక చిన్న బడిలో మూడో తరగతి టీచర్ని. మావారు బస్సు కండక్టరు. బస్సులో టిక్కెట్టు డబ్బులు పైసలతో సహా వసూలు చేసే మనిషే గానీ, వంకాయల బండి దగ్గర నేను అర్ధరూపాయి తగ్గించమని అడిగితే చాలు, మాకేమీ సంబంధం లేనట్టు నాలుగిళ్ళ అవతలికి వెళ్ళి నిలబడేవారు. ఇద్దరు చిన్నపిల్లలు, మా అత్తగారు, మేమిద్దరం కలిసి ఒక గదీ వంటిల్లూ ఉన్న అద్దె వాటాలో సర్దుకుని ఉండేవాళ్ళం. ఒకరోజు ఇంటాయన వచ్చి, తమ్ముడి కుటుంబం వస్తోంది, రెండు నెలల్లో ఖాళీ చెయ్యండి అన్నాడు. కోపంగా కూడా అనలేదు పాపం. అద్దెకి ఇంకో ఇల్లు చూద్దామని తిరిగితే పిల్లలు గోడల మీద గీస్తారని ఒకరు, కండక్టరు ఉద్యోగమంటే వేళాపాళా ఉండదు, తలుపు ఎవరు తీస్తారని ఇంకొకరు. అలా నెలన్నర గడిచిపోయింది. మా అత్తగారు రోజుకి నాలుగు చొప్పున ఇత్తడి సామాన్లు గోనెసంచిలో వెయ్యడం మొదలుపెట్టారు. గిన్నెకి గిన్నె తగిలి ఆ చప్పుడు వినపడ్డప్పుడల్లా మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కేసుకునేదాన్ని. బడిలో పన్నెండో ఎక్కం చెప్పిస్తూ చెప్పిస్తూ మధ్యలో ఆగిపోయి, పిల్లలు నా మొహంలోకి చూస్తుంటే ఎక్కడాగానో తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళోని గవరపాలెంలో ఒక సందులోంచి వెళ్తూ, ఒక తలుపు మీద సుద్దతో రాసిన అక్షరాలు చూశాను, ఇల్లు అమ్మబడును అని. రెండు గదుల బంగాళా పెంకుటిల్లు, ముందు వసారా, వెనక గిలక నుయ్యి, నూతి పక్కన మునగచెట్టు. ఇంతే. కానీ ఆ వసారాలో నా పిల్లలిద్దరూ కూర్చుని అన్నం తింటున్నట్టు నా కళ్ళకి ఎంత స్పష్టంగా కనపడిందంటే, ఆశపడ్డానని నాకే తెలిసిపోయింది. ఆ ఇల్లుగలావిడని సందంతా పూడిమడక మామ్మ అనేవారు. పెనిమిటిని సముద్రం తీసుకుపోయాక వయసులోనే ఈ ఊరు వచ్చేసి, నెత్తిన గంపతో వీధివీధీ తిరిగి చేపలమ్మి, ఏడాదికొక గోడ చొప్పున ఆ ఇల్లు కట్టుకున్న మనిషి. ఇప్పుడు మోకాళ్ళు లొంగిపోయాయి, సముద్రం ఒడ్డున పూడిమడకలో ఉన్న చెల్లెలి దగ్గరకి వెళ్ళిపోదామని అమ్మకానికి పెట్టింది. నలభై అయిదు వేలు అడుగుతోందని తెలిసింది. నా గాజులూ గొలుసూ అమ్మినా, ఆయన దాచుకున్నదంతా కలిపినా, మా దగ్గర తేలింది నలభై. అందులోనే రిజిస్ట్రేషను, అందులోనే సామాను బండి.

బేరానికి మా మేనమామని పిలిపించాం. మాడుగుల దగ్గర చెరకు రైతు. ఏటేటా బెల్లం బండి కట్టుకుని మా ఊరి మార్కెట్టుకొచ్చి, షావుకార్ల ఎదుట నిలబడి తలపండినవాడు. సందు మొదట్లో నన్ను ఆపి, ఇల్లు బాగుందని అనొద్దు, పిల్లల మాట ఎత్తొద్దు, నేను లేస్తే నువ్వూ లే, వెనక్కి మాత్రం తిరిగి చూడొద్దు అని గట్టిగా చెప్పాడు.

"బేరంలో ముందు నోరిప్పినోడిదే నట్టం, గుంటా. నువ్వు మంచినీళ్ళు కూడా అడక్కు."

ఆ ఆదివారం పొద్దున్న గంటసేపు నేను నోరు విప్పలేదు. మావయ్య గొడుగు మొన గోడ బీటలో దూర్చి చూపించాడు, పెంకులు కదిలిపోయాయన్నాడు, ఎండుచేపల వాసన పదేళ్ళకి గానీ పోదన్నాడు. ఒక్కొక్క మాటకీ మామ్మ మొహం ముడుచుకుపోతుంటే, నా కూతురికెవరో వంకలు పెడుతున్నట్టు నాకు ప్రాణం చివుక్కుమనేది. ఆవిడ నలభై రెండుకి దిగింది. మావయ్య ముప్పై దగ్గర మొదలుపెట్టి ముప్పై మూడుకి ఎక్కాడు. అక్కడ ఆవిడకి రోషం వచ్చింది.

"ఈ గోడకి మట్టి నా నెత్తిన మోసేను బాబూ. గొడుగెట్టి పొడిసి సూడ్డానికి అదేటి, పనసకాయా?"

మావయ్య తువ్వాలు దులుపుకుని లేచాడు. నేనూ లేచాను. ఆ సందు మహా అయితే వంద అడుగులుంటుంది గానీ, అంత దూరం నేను ఎప్పుడూ నడవలేదు. మలుపు తిరిగేలోగా పిలుత్తాది, సూడు, అని మావయ్య పెదవి కదపకుండా గొణుగుతున్నాడు. పిలవలేదు. నేను ఉండబట్టలేక ఒకసారి వెనక్కి చూశాను, ఇంకో పది అడుగులేసి మళ్ళీ చూశాను. తలుపు ఓరగా వేసి ఉంది. మలుపు దగ్గర మావయ్య చుట్ట వెలిగించే నెపంతో ఆగాడు. మూడు పుల్లలు ఆరిపోయాయి. గాలి లేదు. నాలుగోది ఆయన వేళ్ళలోంచి జారి కింద పడింది. ఇన్నేళ్ళూ మార్కెట్టులో ఆయన ధైర్యంగా నిలబడేవాడని అనుకునేదాన్ని, ఆ చెయ్యి చూశాక నాకున్న భయం రెట్టింపయింది. మూడు రోజుల్లో కబురంపుతుంది, నువ్వు మాత్రం అటేపు వెళ్ళకు అని చెప్పి మాడుగుల బస్సెక్కేశాడు.

సోమవారం కబురు లేదు. మంగళవారం లేదు. బుధవారం పొద్దున్న, వెళ్ళొద్దన్న సందులోంచే బడికి వెళ్తుంటే, ఆ ఇంటి ముందు ఇద్దరు మగవాళ్ళు నిలబడి తలలెత్తి కప్పు చూస్తున్నారు. ఒకడు వేలు చూపించి ఏదో లెక్కేస్తున్నాడు. ఇల్లు చెయ్యి జారిపోయిందనుకున్నాను. ఆ రోజు పిల్లలకి నేనేం పాఠం చెప్పానో దేవుడికే తెలియాలి. నాలుగింటికి బడి వదిలారు. ఆయనతో చెప్పలేదు, అత్తగారితో చెప్పలేదు, తిన్నగా ఆ గుమ్మంలోకి వెళ్ళాను. మామ్మ వసారాలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. కూర్చోమనే లోపలే, గుక్క తిప్పుకోకుండా, నలభై రెండుకి మాకు సమ్మతమే అనేశాను.

సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ చేతులాపి నాకేసి అదోలా చూసింది. ఆ కళ్ళలో ఉన్నది భయమని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది నాకు.

"సేతిలో ఉందా అంత, పంతులమ్మా?"

ఉందన్నాను. ఆవిడ ముందున్న చేట పక్కకి జరిపి నాకు చోటు చేసింది. అంతే, ఆ చేట పక్కనే చతికిలబడిపోయాను. లేదు మామ్మా, అన్నాను.

అప్పుడు చెప్పింది ఆవిడ. అంతకుముందు ఒకాయన వచ్చి, అడిగిందే తడవుగా నలభై అయిదుకి సరేనని, చేతిలో అయిదు వందలు పెట్టి, ఇదిగో అదిగో అంటూ నాలుగు నెలలు తిప్పి కనపడకుండా పోయాడట. చెల్లెలికి వస్తానని కబురంపి, గంపలు కూడా ఎవరికో ఇచ్చేసి, ఇక్కడా అక్కడా కాకుండా కూర్చున్నానంది.

"మొదటి మాటకే సరే అన్నోడు కొనడమ్మా. నలబయ్యేళ్ళు సేపలమ్మేను, నాకు తెలీదా? మీ మావ గోడ పొడిసి సూత్తంటే ఒళ్ళు మండింది గానీ, ఈళ్ళు కొనే మనుసులే అనుకున్నాను. ఇయాల నువ్వొచ్చి సరే అన్నావు, నా గుండె జారిపోయింది."

నా దగ్గర ఉన్నది ఇంత అని చెప్పబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ దగ్గరెంతుందో నాకు సెప్పకు. నువ్వెంత ఇత్తావో సెప్పు. సరిగ్గా అడుగు."

కళ్ళు మూసుకుని ముప్పై అయిదు అన్నాను. నలభై అంది. మావయ్య మాటలు గుర్తు తెచ్చుకుని, పాఠం అప్పచెప్పినట్టు, గోడ బీట తీసిందన్నాను. ఒక వెయ్యి తగ్గించింది. పెంకులు కదిలిపోయాయన్నాను. పొద్దున్న వచ్చిన ఇద్దరూ పెంకులు సర్దేవాళ్ళట, మీ మావ అన్నాడని పిలిపించానంది! ఇంకేమనాలో తోచక, నూతి నీళ్ళు బాగుంటాయి కదా మామ్మా అన్నాను. ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"అది తగ్గించే మాట కాదే పిల్లా, పెంచే మాట."

నాకూ నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. ముప్పై ఏడు అన్నాను, ఇంక ఒక్క రూపాయి ఎక్కినా నేను లేచి వెళ్ళిపోవాలి అని కూడా అన్నాను. అది బేరం కోసం అన్న మాట కాదు, నిజం. ఆవిడ చెయ్యి పైటకి తుడుచుకుని, నా చేతిలో వేసింది. లేచి వస్తుంటే ఇంకో మాట కూడా చెప్పింది. ఆదివారం మేము వెళ్ళిపోతుంటే పిలుద్దామని తలుపు దాకా వచ్చిందట, నేను వెనక్కి తిరిగి చూశానట. మళ్ళీ చూశానట. ఇంక పిలవక్కర్లేదు, నువ్వే వస్తావని ఆగిపోయానంది. అన్నది గానీ, మంగళవారం అయ్యేసరికి నువ్వు రావేమోనని అన్నం దిగలేదు పంతులమ్మా, అని కూడా తనే ఒప్పుకుంది.

రిజిస్ట్రేషను రోజున మామ్మ వేలిముద్ర రెండుసార్లు చెదిరింది, మూడోసారి నేను చెయ్యి పట్టుకుని వేయించాను. ఆఫీసు వరండాలో, ఎవరికీ వినపడకుండా, ఇన్నేళ్ళూ ఊరి మధ్యలో పడుకున్నాను, ఇంక ఆ సముద్రం చప్పుడులో నిద్ర పడుతుందో లేదో అంది. ఆ సాయంత్రమే బస్సెక్కింది. మొదటి రెండేళ్ళూ ఎవరితోనో ఎండురొయ్యలు పంపేది. తరవాత కబుర్లు ఆగిపోయాయి.

మావయ్య మాత్రం తను తువ్వాలు దులుపుకుని లేవడం వల్లే ముప్పై ఏడుకి దిగిందని మాడుగులంతా చెప్పుకున్నాడు. మామ్మే కబురంపిందన్నాను గానీ, బుధవారం సంగతి ఆయనకి నేను చెప్పలేదు. మా వారికి కూడా ఆయన రిటైరయ్యాకే చెప్పాను. పెళ్ళిళ్ళలో మావయ్య ఆ కథ ఎత్తినప్పుడల్లా తలూపుతూ పక్కన నిలబడేదాన్ని, ఆయన పోయేదాకా అలాగే తలూపాను.

మేము ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం. పోయినేడు మా పక్కిల్లు అమ్ముడుపోయింది. అమ్మింది ఎవరో, కొన్నది ఎవరో తెలియదు. ఎవరో కాగితాలు పట్టుకుని వచ్చారు, కొలిచారు, గేటుకి కొత్త తాళం పడింది. వెనకటికైతే కొనేవాళ్ళు ముందు చుట్టుపక్కల తలుపులు తట్టేవారు, నూతిలో ఎండాకాలం నీళ్ళుంటాయా, వానొస్తే సందు మునుగుతుందా, అమ్మే మనిషి ఎటువంటిది అని అడిగేవారు. అడిగే గొంతులో బెదురు మనకి తెలిసేది, లోపలికి పిలిచి కూర్చోబెట్టేవాళ్ళం. ఈసారి నేను చాలా రోజులు వసారాలో కూర్చున్నాను, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని. ఎవరూ రాలేదు.