కొంగున పోసిన విత్తన జొన్నలు

ఈ సంగతి నేను మూడుసార్లు పై అధికారులకు రాసి పంపాను. ఒక్కసారీ కాగితం మీద జవాబు రాలేదు. ఉద్యోగంలో ఉండగా ‘తర్వాత చూద్దాం’ అన్నారు. పదవీ విరమణ అయ్యాక ‘ఇంకా మీకెందుకండీ’ అన్నారు. నాకెందుకో ఇక్కడ చెబుతాను.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను శావల్యాపురం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. పైన డాక్టరు, కింద ఊరూరా తిరిగే ఏఎన్ఎంలు, వాళ్ళకు తోడు ఆశా కార్యకర్తలు, మధ్యలో మేము. టీకాల నుంచి దోమల మందు దాకా అన్నీ సరిగా జరిగాయో లేదో చూడటం మా పని. జరిగితే పేరు పైవాళ్ళకు, జరక్కపోతే మెమో మాకు.

ఆ ఏడు తక్కువ ఖర్చుతో బలమైన తిండి గురించి ప్రచారం చేయమన్నారు. డబ్బా పొడులు కొనొద్దు, జొన్నలు, రాగులు, మునగాకు, వేరుశనగపప్పు తినండి అని పోస్టరు ఇచ్చారు. మా కేంద్రం కింది ఒక ఊరి ఆశా కార్యకర్త సువార్త, నేను కలిసి అక్కడి కాలనీలో చర్చి ముందర ఆడవాళ్ళను కూర్చోబెట్టి చెప్పాం. డాక్టరు గారు కూడా వచ్చారు. అంతా విన్నాక వెనక నుంచి మరియమ్మ లేచింది. పొలం కూలి ఆమె. కోడలు రూతుకు అప్పుడు ఆరో నెల. రక్తం బాగా తక్కువని పరీక్షలో తేలింది.

“సారూ, జొన్నలు తినమంటన్నావు, బానే ఉంది. కొట్లో ఏం రేటున్నయ్యో ఎప్పుడన్నా అడిగావా? కోటా బియ్యం ఇంటికొస్తన్నయ్. జొన్నలు కొనాలంటే కోడల్నే తాకట్టు పెట్టాల.”

అందరూ నవ్వారు. కానీ ప్రశ్న సరైనదే. ఒకప్పటి పేదవాడి జొన్న ఇప్పుడు షుగరున్న కలిగినవాళ్ళ తిండి అయింది. కోటాలో జొన్నలు ఇప్పించమని పైకి రాయండి అని డాక్టరు గారితో అక్కడే అన్నాను. ఆయన నాకంటే చానా చిన్నవాడు. “మనం చెప్పాల్సింది చెప్పాం గదయ్యా, రేట్లు మనకెందుకు?” అని జీపెక్కాడు.

నెల తిరక్కుండా ఆ చుట్టుపక్కల జొన్న విత్తారు. రక్తం తక్కువున్న గర్భిణిని ఇంటికి వెళ్ళి చూసి రావాలన్నది మా నియమం. ఒక పొద్దున సువార్తతో కలిసి మరియమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపుకు గడియ పెట్టి ఉంది. పక్కన మురుగుకాలువలో రెండు కోళ్ళు చచ్చిపడి ఉన్నాయి, మెడలు వెనక్కి తిరిగిపోయి. తెగులేమో అనుకున్నాను. కాలువ అంచున మట్టి మాత్రం గులాబీ రంగులో ఉంది. చూరు కింద చాప మీద జొన్నలు ఆరబోసి ఉన్నాయి, తెల్లగా, శుభ్రంగా. ఒక గింజ తీసి చూశాను. ముక్కు దగ్గర సన్నగా ఎర్రరంగు మిగిలి ఉంది.

అవి విత్తన జొన్నలు.

ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. విత్తడం అయిపోయాక మిగిలిన గింజలను పొలం ఆసామి కూలీల కొంగున పోస్తాడు. ఇంటి విత్తనం వేసుకునే రోజుల్లో మొదలైన మంచి పద్ధతి అది. ఇప్పుడు కంపెనీ సంచుల్లో వచ్చే విత్తనానికి పురుగు పట్టకుండా, బూజు రాకుండా మందు పట్టిస్తారు. తినకూడదని తెలియడానికి ఎర్రరంగు వేస్తారు. విత్తనం మారింది, కొంగున పోయడం మారలేదు. రంగు పోతే మందూ పోయిందనుకుంటారు.

సువార్త గడియ తీసి లోపలికి వెళ్ళింది. “సారూ, పెనం ఇంకా వెచ్చగానే ఉంది. రొట్టెలు లేవు” అంది. మరియమ్మకు ఫోన్ చేశాను. ఇంట్లో గూట్లోనే మోగింది.

అత్తాకోడళ్ళిద్దరూ ఊరవతల మిరప చేలో కలుపుకు వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. బండి తీశాను. సువార్త వెనక కూర్చుంది. అక్కడికి చేరేసరికి ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని కేరేజీలు విప్పుతున్నారు.

“పెద్దమ్మా, నోట్లో పెట్టమాక!” సువార్త కేక పెట్టింది.

మరియమ్మ తుంచిన ముక్కను అట్లాగే పట్టుకుని, “ఏందే అట్టా అరుస్తావు, నీ రొట్టేమన్నా లాక్కున్నానా?” అంది.

“అయ్యి ఇత్తనాలా?”

“ఆఁ, ఆసామి పోశాడు. తెల్లగా వచ్చిందాకా ఏడు నీళ్ళు పోసి కడిగా. జొన్నలు పెట్టమంది సారే గదా.”

రూతు ఎక్కడని అడిగాను. పొద్దున్నే రెండు రొట్టెలు తిన్నదట. కడుపులో తిప్పుతుందని వేపచెట్టు కింద పడుకుందట. “ఏడో నెల గదా, మామూలే” అంది మరియమ్మ.

చెట్టు కింద రూతు చెమటతో తడిసిపోయి ఉంది. పెదవి పక్క నుంచి చొంగ కారుతోంది. నన్ను చూసి ఒక్క మాటే అంది: “సారూ, బిడ్డ కదలట్లా.”

108కి ఫోన్ చేశాం. ఆసామి చేత ఖాళీ విత్తనాల సంచి తెప్పించాను. ఏ మందు పట్టించారో దాని మీద ఉంటుంది, డాక్టర్లకు అది తెలియాలి. ఆసామి చేతులు నలుపుకుంటూ, “కేసవుద్దా సారూ? మా నాయన కాణ్ణించీ పోస్తానే ఉన్నాం, మంచికే గదా” అన్నాడు. 108లో నరసరావుపేట ఆసుపత్రికి చేరేదాకా సువార్త రూతు పొట్ట మీద చెయ్యి తీయలేదు. “కదిలిందా?” అని మరియమ్మ అడిగినప్పుడల్లా తల అడ్డంగా ఊపేది. కాసేపటికి మరియమ్మ తన చెయ్యి కూడా ఆ పక్కనే పెట్టింది.

ఆసుపత్రిలో సంచి మీది పేరు చూసి వైద్యం మొదలుపెట్టారు. సాయంత్రానికి గానీ బిడ్డ గుండె సరిగా కొట్టుకుంటోందని చెప్పలేదు. రూతు బతికింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువ.

తర్వాత జరిగిన సమీక్షలో డాక్టరు గారు “జొన్నలు తినమని ఊదరగొట్టింది మన జొన్నల సూపర్‌వైజరే” అన్నాడు. అందరూ నవ్వారు. నా పదవీ విరమణ సభలో దండ వేస్తూ కూడా అదే పేరుతో పిలిచాడు. నేను మర్చిపోలేదు.

చవకగా, బలంగా తినమని చెప్పేవాడు ఆ తిండి ఆ ఊళ్ళో ఎక్కడ చవకగా దొరుకుతుందో కూడా చెప్పాలి. చెప్పకపోతే జనమే వెతుక్కుంటారు. నేను నేర్చుకున్నది ఇంతే. నేను అడిగినవీ రెండే: మిగిలిన మందు విత్తనాన్ని ఊళ్ళో నుంచి వెనక్కి తీసుకోవాలి, తినే జొన్నలు కోటాలో ఇవ్వాలి.

మొన్న సువార్త ఫోన్ చేసింది. ఈ ఏడు విత్తడం పూర్తయిందట, కాలనీలోకి మళ్ళీ కొంగుల్లో జొన్నలు వచ్చాయట. ఇల్లిల్లూ తిరిగి పారబోయిస్తోంది. అందరూ ఉన్న గింజలన్నీ చూపిస్తున్నారో లేదో తెలియదంటోంది. ఆ రెండు పనులు ఎవరు చేస్తారు? జవాబు నాకు కాకపోయినా ఎవరికో ఒకరికి చెప్పండి అని నేను అనను. నాకే చెప్పాలి. అడిగింది నేను.