సూర్యాపేటలో బస్సు ఆగినంతసేపు

సారు పోయారన్న కబురు నాకు గ్రూపులోనే తెలిసింది. మిర్యాలగూడలో నేను పనిచేసే రైస్‌మిల్లులో ఒక స్విచ్‌బోర్డు విప్పుతుంటే ఫోను టింగుమంది. సారు కూతురు రెండే లైన్లు రాసింది. "నాన్న ఈ పొద్దున పోయారు. ఆయన గ్రూపువాళ్లకు చెప్పమని అమ్మ అన్నది." బోర్డు అట్లాగే వదిలేసి బయటపడ్డాను. తర్వాత బస్సెక్కి సూర్యాపేట పోతున్నంతసేపూ ఆ రెండు లైన్ల కింద ఏమేం వస్తున్నాయో చూస్తూనే ఉన్నాను. ముందు దండాలు, ఏడుపు బొమ్మలు. ఆ తర్వాత ఒకాయన, 'తెలంగాణ వచ్చేది చూడకుండానే పోయిండు' అని రాశాడు. ఇంకొకాయన, 'చావు దగ్గర కూడా మీకు అదేనా' అన్నాడు. నేను బస్సు దిగేసరికి హైదరాబాదు ఎవరిదో తేల్చుకుంటున్నారు. అప్పటికి సారుకు ఇంకా స్నానం కూడా పోయించలేదు.

ఆ పంచాయితీని ఆపవలసినవాణ్ని నేనే. సారు తర్వాత ఆ గ్రూపు తాళం నా దగ్గరే ఉంది. ఆపలేదు. ఏ ముఖం పెట్టుకుని ఆపను? ఆ సంగతి చెప్పకుండా సారు గురించి నేను ఎన్ని మంచిమాటలు రాసినా అది దొంగ ఏడుపే అవుతుంది.

మాది పాత రేడియోల గ్రూపు. వెనక అట్ట విప్పితే గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతూ కనిపించే చెక్కపెట్టె రేడియోలు మీరు చూసే ఉంటారు. వాటిని వెతికి తెచ్చుకుని, బాగుచేసుకుని, మళ్లీ పలికితే చిన్నపిల్లల్లా మురిసిపోయే పిచ్చివాళ్లం మేము. సారు ఐటీఐలో రేడియో పని నేర్పి రిటైరయ్యారు. రెండువేల నాలుగులోనో అయిదులోనో సూర్యాపేట బస్టాండు వెనక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఒక్క వేలితో టైపు కొడుతూ, ఈ గ్రూపు మొదలుపెట్టారు. మొదట్లో మెయిళ్లు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. తర్వాత ఫోన్లు వచ్చాయి, తెలుగు అక్షరాలు వచ్చాయి, ఆదిలాబాదు నుంచి శ్రీకాకుళం దాకా మనుషులు వచ్చారు. మనుషులు వచ్చాక కొట్లాటలు రాకుండా ఉంటాయా?

సారు పెట్టిన షరతు ఒక్కటే. "రేడియో సంగతి సెప్పు. మిగిలింది చాయ్ కాడ సూద్దాం." ఇది మాటవరసకు అన్నది కాదు. ఆ చాయ్ నిజం చాయే. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బస్సు, అటునుంచి వచ్చే బస్సు, ఏదైనా సరే సూర్యాపేటలో ఆగాల్సిందే. డ్రైవరు తిని, కండక్టరు చాయ్ తాగి, జనం కాళ్లు సాపుకునేదాకా పది పదిహేను నిమిషాలు. గ్రూపులో ఎవరికైనా కోపం వస్తే సారు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే. "ఈ తోవల ఎప్పుడు వస్తున్నవ్? ఏ బస్సు?" ఆ రోజు ఆ టైముకు ఫ్లాస్కు, గ్లాసులు ఒక సంచిలో పెట్టుకుని బస్టాండులో నిలబడేవారు. బస్సు ఆగినంతసేపే కచేరీ. ఆ తర్వాత కోపం ఉంటే ఎవరి కోపం వాళ్లు తీసుకుపోవచ్చు. నేను చూసినంతలో ఎవరూ తీసుకుపోలేదు.

దీనమ్మగారు, అంటే సారు భార్య, దెప్పుతుండేది. "ఇంట్ల ఉప్పు లేదంటే ఈయనకు ఇనపడదు. బెజవాడల ఎవలికో కోపమొచ్చిందంటే మాత్రం ఉరికి అంగీ తొడుగుతడు."

ఆ కచేరీకి నేనూ ముద్దాయిగా పోయినవాణ్నే. మాది కోదాడ పక్కన అనంతగిరి. నోరు జర పెద్దది. గ్రూపులో మొదటినుంచీ ఉన్న బెజవాడ పెద్దాయన ఒకరు, పాత సెట్టు చేతికొస్తే లోపలి కండెన్సర్లన్నీ పీకి కొత్తవి వెయ్యాలన్నారు. పనిచేసేదాన్ని ఎందుకు పీకాలని నా వాదన. మాటకు మాట పెరిగి, 'మీ చేతికి రేడియో ఇవ్వకూడదు, రోకలి ఇవ్వాలి' అని రాసిపారేశాను. పావుగంటలో సారు ఫోను. "తమ్మీ, ఆ మాట తీసేద్దామనుకుంటున్న. నువ్వే తీసేసుకుంటే ఇంకా మంచిగుంటది." ఎవరి మాట తీసేయాలన్నా సారు ముందు ఫోన్ చేసేవారు. చెప్పకుండా ఒక్క అక్షరం చెరిపేవారు కాదు.

తర్వాతి ఆదివారం నన్ను సూర్యాపేటకు రమ్మన్నారు. బెజవాడాయన బస్సు దిగారు. తెల్లటి లాల్చీ, చేతిలో జీళ్ల పొట్లం. కొట్లాట ఊసు ఎవరూ ఎత్తలేదు. సారు జేబులోంచి దూదిలో చుట్టిన ఒక వాల్వు తీసి, "దీని మీద అచ్చు చెరిగిపోయింది. ఏ సెట్టుదో సెప్పుండ్రి ఇద్దరు" అన్నారు. ఇద్దరం తలలు దగ్గర పెట్టి దాన్ని ఎండకు తిప్పి తిప్పి చూశాం. కండక్టరు విజిలు వేశాడు. బెజవాడాయన ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ కండెన్సర్లు మీ ఇష్టం బాబూ, నేనేం ముట్టుకోను!" అని అరిచారు. ప్లాట్‌ఫారం మీద జనమంతా మావైపు చూశారు. సారు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ వాల్వు ఏ సెట్టుదో సారుకు ముందే తెలుసని తర్వాతెప్పుడో బయటపడింది.

ఇంత ఓపిక ఎక్కడిది సార్ అని ఒకసారి అడిగాను. ఆత్మకూరులో వాళ్లది గొర్రెల మంద ఉన్న ఇల్లు. "మంద బెదిరినప్పుడు మా నాయన అరవకపోతుండె. కట్టె గుడ లేపకపోతుండె. ఊకె నిలబడుతుండె. అవే సూసుకుంట సూసుకుంట దగ్గరికొస్తుండె" అన్నారు. నాకు అప్పుడు అది ముసలాయన ముచ్చటలాగే వినిపించింది.

ఉద్యమం రోజులు వచ్చాయి. హైవే మీద రాస్తారోకోలు, బందులు, ఆగిపోయిన బస్సులు. గ్రూపులో ఎవరు ఏ ఊరివాళ్లో అప్పటిదాకా పట్టించుకోనివాళ్లు కూడా ఊళ్ల పేర్లు తవ్వడం మొదలుపెట్టారు. సారు తటస్థుడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. దీక్షా శిబిరంలో రోజూ కూర్చునేవారు. అక్కణ్నుంచి లేచొచ్చి, గ్రూపు తెరిచి, తెలంగాణ అని రాసినవాళ్లకు కూడా ఫోన్ చేసేవారు. "శిబిరంల కూసొనే వస్తున్న బిడ్డా. గాడ మాట్లాడేది గాడ మాట్లాడిన. గీడ రేడియో." నాలుగేళ్లు అట్లా నెట్టుకొచ్చారు. ఎన్ని ఫోన్లు చేసుంటారో, ఎన్ని చాయ్‌లు పోసుంటారో ఆయనకే తెలియాలి.

రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చిన రోజుల్లోనే సారుకు కంటి ఆపరేషన్ అయింది. నెలరోజులు కళ్లకు పని చెప్పొద్దన్నారు డాక్టరు. నన్ను పిలిచి తన పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చారు. "నువ్వు సూసుకో తమ్మీ. ఎవలిదైనా తీసేసేముందు ఫోన్ చెయ్యి. గంతే."

గంతే! అదొక్కటే చెప్పారు. అదొక్కటే నేను చెయ్యలేదు.

ముందు ఇద్దరికి చేశాను. ఒకాయన నన్నే తిట్టాడు. ఇంకొకాయన ఎత్తలేదు. ఆంధ్ర వైపు నుంచి ఎవడో, తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్న మా పిల్లల గురించి రాయకూడని మాట రాశాడు. ఆ కిందనే బెజవాడ పెద్దాయన, 'ఇంతకీ పంపకాల్లో మన గ్రూపు ఎవరికొస్తుందో సారును అడగండి' అని సరదాకు రాశారు. సరదా అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు వెక్కిరింతలా తగిలింది. మధ్యాహ్నం తిండివేళ, మిల్లు గేటు దగ్గర కూర్చుని, అటువైపు వాళ్లదని నాకు తెలిసిన ప్రతి పేరూ తీసేశాను. తప్పు రాసినవాడు, ఒప్పు రాసినవాడు, ఏమీ రాయనివాడు, అందరినీ. నేను ఉన్నది సారు పాస్‌వర్డుతో కాబట్టి అంతా సారు పేరుమీదే పోయింది. చివర ఒక ముక్క కూడా రాశాను. 'మీ ఊళ్లో మీరు గ్రూపు పెట్టుకోండి. ఇక పోండి.' కడుపు చల్లబడింది. ఆ పూట అన్నం బాగా తిన్నాను.

సారు కళ్లద్దాలు పెట్టుకుని గ్రూపు తెరిచిన రోజు నాకు ఫోన్ చేశారు. "అందరికి ఫోన్ చేసినవా తమ్మీ?"

"లేదు సార్."

"ఒక్కరికన్న?"

"ముందు ఇద్దరికి చేశాను సార్, తర్వాత ఎవరికీ చెయ్యలేదు" అన్నాను. "సరే" అని పెట్టేశారు. తిడితే ఎంత బాగుండేది!

రెండు రోజులాగి వాళ్లింటికి పోయాను. సారు వసారాలో కుర్చీలో కూర్చుని, ఒక కాగితం మీద పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నారు. "కండ్లు కనపడక, కోపంల నేనే తీసేసిన. మనసుల పెట్టుకోకుండ్రి. మళ్ల రాండ్రి." నేను మెట్టుమీద కూర్చుని వింటున్నాను. ప్రతి ఫోనులోనూ 'నేనే' అన్నారు. లేచి ఆ ఫోను గుంజుకుని, 'నేనండీ వెధవను, ఆయన కాదు' అంటే అయిపోయేది. లేవలేదు. దీనమ్మగారు చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. నా ముఖం చూడలేదు.

కొందరు తిరిగి వచ్చారు, ఎక్కువమంది రాలేదు. బెజవాడ పెద్దాయన, "సరేలెండి సార్, ఆరోగ్యం చూసుకోండి" అన్నారట. రాలేదు.

ఆ చలికాలం ఆయన హైదరాబాదు వెళుతున్నారని ఎవరో చెప్పారు. సారు బస్సు టైము కనుక్కుని, "నువ్వు గుడ రా తమ్మీ" అన్నారు. ఆ రోజు ఎట్లాగైనా ఆయన ముందే నిజం చెప్పేయాలని దారంతా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. బస్సు వచ్చి ఆగింది. మూడో కిటికీలో ఆయన కనిపించారు. మమ్మల్ని చూశారు. సీట్లోంచి లేచారు కూడా. మళ్లీ కూర్చుని, అద్దం ముందుకు జరిపారు. సారు ఆ కిటికీ కిందికి పోయి, గ్లాసు నింపి, పైకెత్తి పట్టుకున్నారు. అద్దం జరగలేదు. బస్సు ఆగినంతసేపూ అట్లాగే నిలబడ్డారు. పిలవలేదు, తట్టలేదు. జనం దిగారు, తిన్నారు, ఎక్కారు. బస్సు పోయింది.

"ఎండ కొడుతున్నదేమో తమ్మీ, అందుకే అద్దం ఏసిండు" అని, ఆ చాయ్ నాకిచ్చారు. ఆ వైపు ఎండ లేదు. చాయ్ చల్లారిపోయింది. తాగాను.

ఆ తర్వాత సారు గ్రూపు తెరవడం తగ్గించేశారు. ఏదైనా అడిగితే, "నువ్వే సూడు, నాకు అక్షరాలు సరిగ్గ ఆనుతలేవు" అనేవారు. వాల్వు మీద చెరిగిపోయిన నంబరు చదివే కళ్లకు అక్షరాలు ఆనకపోవడమేమిటి! బెజవాడాయనకు సారు ఎదుటే నిజం చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అని నేను, మిల్లు సీజనని, పెళ్లిళ్లని, ఎలక్షన్లని రోజులు తోసుకుంటూ పోయాను. ఇగ ఆదివారాలు ఖతం అయిపోయాయి.

సారును తీసుకుపోయి వచ్చాక దీనమ్మగారు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది. "బెజవాడ సారుకు సెప్పినవా బిడ్డా? ఆయన గ్రూపుల లేడు గదా, ఎట్ల తెలుస్తది?"

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను తీసేసిన మనిషికి చావు కబురు కూడా అందదు. ఆ రోజు ఫోన్ చేసే ధైర్యం చాలలేదు. మర్నాడు మిల్లు ముందు నిలబడి చేశాను.

"అయ్యో" అన్నారు ఆయన. తర్వాత, "అయిపోయిందా?" అన్నారు.

"నిన్ననే అయిపోయిందండీ."

"ఒక్క మాట చెబితే వచ్చేవాణ్ని కదా బాబూ."

ఇక ఆగలేదు నాకు. మొత్తం కక్కేశాను. తీసేసింది నేను, పోండి అని రాసింది నేను, సారుకు ఏ పాపం తెలియదు అని. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"నాకు తెలుసండీ. పోండి అని రాసే మనిషా ఆయన? నాకు రోకలి ఇవ్వమన్న నోరే ఇదీ అని అప్పుడే పోల్చుకున్నాను. మరి ఫోన్ చేసి, నేనే తీశానన్నారు. ఇన్నేళ్లలో నాతో ఒక్క అబద్ధం ఆడారు, అది మీ కోసం ఆడారు. అదే నాకు మింగుడు పడలేదు."

"ఆ రోజు బస్సు దిగి ఉంటేనండీ..." అన్నాను. "సారు మీ కిటికీ కింద అంతసేపు నిలబడ్డారు."

"దిగుదామనే లేచాను బాబూ. ఆయన కోసం మా ఆవిడ కట్టిచ్చిన పొట్లం కూడా చేతిలోకి తీసుకున్నాను. చూస్తే పక్కన మీరున్నారు."

మెల్లగా ఫోను పెట్టేశారు. వడ్ల లారీ వచ్చి గేటు దగ్గర ఆగి ఉంది. హమాలీ ఒకతను వీపున బస్తాతో వంగి వస్తూ, "అన్నా, జర పక్కకు జరుగు" అన్నాడు. నాకు వినపడింది. కాలు కదల్లేదు. అతను ఒక్క క్షణం చూసి, అంత బరువుతోనూ నా చుట్టూ తిరిగి లోపలికి పోయాడు.