అంచుదాకా పోసిన టీ

1998 ఆగస్టు. మాదాపూర్‌లో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ, రెండో అంతస్తు. ఆ మధ్యాహ్నం బల్ల మీద ఉన్నవి: ఎలక్ట్రిక్ కెటిల్, టీపాట్, గ్రీన్ టీ, పాలపొడి, చక్కెర, పింగాణీ కప్పులు. గదిలో ఉన్నవాళ్లు: ఆన్‌సైట్‌కి, అంటే క్లయింట్ దేశంలోనే ఉండి పని చేయడానికి, వెళ్లబోయే పదకొండు మంది తెలుగు కుర్రాళ్లు; ఉజ్బెకిస్తాన్ నుంచి ట్రైనింగ్‌కి వచ్చిన రుస్తం; నేను.

నా అసలు పని సి లాంగ్వేజ్ చెప్పడం. పరాయి దేశాల మర్యాదల క్లాసు ఎవరూ తీసుకోకపోవడంతో నాకొచ్చింది. ఆ వారం అంశం టీ.

రుస్తం గోపన్‌పల్లిలో, అదే క్లాసులోని శ్రీనివాస్ వాళ్లింట్లో గది తీసుకుని ఉండేవాడు. ఆ ఉదయం వచ్చి గది ఖాళీ చేస్తానన్నాడు. వేరే గది దొరక్కపోతే కోర్సు మధ్యలోనే వదిలి వాళ్ల దేశం వెళ్లిపోతాడట. కారణం అడిగితే, "వాళ్లు మంచివాళ్లు సార్" అని మాత్రం అన్నాడు.

క్లాసులో జపాన్ వాళ్లు గిన్నెను రెండు చేతులతో అందుకోవడం చూపించాను. టర్కీలో ఇక చాలనుకుంటే చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెడతారని చెప్పాను. తర్వాత రుస్తంని పిలిచాను.

అతను గ్రీన్ టీ కప్పులో పోసి, తిరిగి పాట్‌లోకి వంచాడు. అలా మూడుసార్లు. అప్పుడు కప్పులో అడుగున కాస్త పోసి శ్రీనివాస్‌కి ఇచ్చాడు.

"ఏంది భాయ్, గింతేనా? మందు పోసినట్టు పోస్తున్నవ్!" అన్నాడు శ్రీనివాస్.

అందరూ నవ్వారు. రుస్తం ఇంగ్లీషులో వివరించాడు: కొంచెం పోస్తే మళ్లీ మళ్లీ పోయొచ్చు, అంటే నువ్వు ఇంకా కూర్చోవాలని మా కోరిక. నిండా పోస్తే, తాగి ఇక బయల్దేరమని.

శ్రీనివాస్ నవ్వు ఆగిపోయింది. "సార్, మా అమ్మ దినాం అంచుదాకా పోస్తది."

ఉదయం గది ఖాళీ చేస్తానన్నది అందుకేనా అని ఇంగ్లీషులో అడిగితే రుస్తం తలూపాడు.

సాయంత్రం శ్రీనివాస్ స్కూటర్ మీద ముగ్గురం గోపన్‌పల్లి వెళ్లాం. వాళ్లమ్మ సత్తెమ్మ అంతా విని గడప మీదే కూలబడింది.

"అయ్యో! నిండుగ పోస్తే పొమ్మన్నట్టా? సగం పోస్తే మా ఇండ్లల్ల సుట్టం అలుగుతడు సారూ. పిల్లగాడు దేశం గాని దేశంల ఉన్నడని పొంగేదాకా పోస్తిని."

"ఈసారి సగమే పోయండమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. కప్పు ముప్పావు దాకా నిండింది. నాలుక కరుచుకుని కొంత గిన్నెలోకి వంచింది. రుస్తం రెండు చేతులతో అందుకున్నాడు.

"ఇగ గిన్నె పట్టుకొని నీ పక్కనే కూసోవాల్నా?" అంది విసుగ్గా. కూర్చుంది కూడా.

తర్వాతి బ్యాచ్‌లకు క్లాసు వరస మార్చాను. జపాన్, టర్కీ చివరికి వెళ్లాయి. ముందు అడిగేది: మీ ఇంట్లో చుట్టానికి ఎంత పోస్తారు, ఎందుకు? తమది కూడా ఒక పద్ధతేనని తెలియనివాళ్లకు ఎదుటివాడి పద్ధతి వింతగానే మిగిలిపోతుంది.

రుస్తం ఆ గదిలోనే ఉండి కోర్సు పూర్తి చేశాడు. సత్తెమ్మ గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్న ఆ సాయంత్రం అతను తాగిన కప్పులు తొమ్మిది.