వాసన చూసి పోసే నీళ్లు

మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో మీటింగులు ముగిశాక, సగం తాగి వదిలేసిన సీసాల్లోని నీళ్లను హౌస్‌కీపింగ్ ఎల్లవ్వ గుమ్మం పక్క తొట్టిలోని కణపచెట్టుకు పోస్తుంది. కుంటల ఒడ్డున పెరిగే చెట్టు కదా, దానికి దూప ఎక్కువంటుంది. పోసే ముందు ప్రతి సీసానూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. ఈ అలవాటు కొత్తది. మొన్న ఎండాకాలంలో ఆ చెట్టుకు ఎర్రటి పూలు తొలిసారి దండల్లా వేలాడాయి. అప్పుడే ఎల్లవ్వకు జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. తోటి పనివాళ్లెవరో బాత్రూములు కడిగే యాసిడ్‌ను నీళ్ల సీసాలో పోసి పెట్టారు. ఆమె అదీ చెట్టు మొదట్లో పోసేసింది. పూలు రాలాయి, తర్వాత ఆకులూ రాలాయి.

“ఎండిన చెట్టుకు ఇంకా నీళ్లేంది, ఎల్లవ్వా?” అన్నాడు సూపర్‌వైజర్ భాస్కర్.

“గా యాసిడ్ తాపింది నేనే గద సారూ. గిన్ని మంచినీళ్లన్న తాపనియ్యి,” అని ఆమె ఇంకో సీసా మూత తీసి వాసన చూసింది.