కట్టు కట్టిన ట్యాంకు

మొన్న మా మనవరాలు భోజనాల బల్ల మీద ప్లాస్టిక్ ట్యాంకు బొమ్మ ముక్కలు పరచుకుని ఒక్కొక్కటే అతికిస్తుంటే, ఆ జిగురు వాసనకు నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టి వరండాలోకి వెళ్ళిపోయాను. అరవై ఏళ్ళు కావస్తోంది. నా ఈడువాళ్ళకు చెబితే తెలుస్తుంది, కొన్ని వాసనలు మనిషిని కూర్చోనివ్వవు.

తమిళనాడు రాజపాళయంలో మాది ఆస్పత్రులకు కట్టుగుడ్డ నేసే ఇల్లు. నాన్న పోయాక అమ్మా నేనూ చెరో మగ్గం నడిపేవాళ్ళం, అన్న సైన్యంలో ట్యాంకు తోలేవాడు. ఆ ఏడు సెలవుకు వచ్చినప్పుడు బొంబాయిలో కొన్నానంటూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. తను తోలేది ఎట్లా ఉంటుందో అమ్మకు మాటల్లో చెప్పలేక, చేసి చూపిద్దామని తన ఆశ. నేను ముక్కలు అందిస్తుంటే అన్న అతికిస్తూ పోయాడు; చక్రాలయ్యాయి, వాటి మీద గొలుసు పట్టీలయ్యాయి, అంతలో వెంటనే రమ్మని తంతి వచ్చింది. మిగిలిన ఫిరంగిని పెట్టెలో దాచి, "ఇది మట్టుకు నేను వచ్చి పెడతాను పాపా, నువ్వు తాకొద్దు" అని చెప్పి వెళ్ళాడు.

తర్వాత యుద్ధం వచ్చింది, ఆగింది కూడా, రేడియోలో చెప్పారు. అన్న ఉత్తరం మాత్రం రాలేదు. అట్లా ఎదురుచూస్తుండగానే ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి పూజలో ఉంచితే మర్నాడు తీసేదాకా తాకకూడదు, అది మా ఇంటి కట్టడి. అమ్మ మగ్గం నాడెల పక్కన ఆ ట్యాంకునూ పెట్టి, "ఇది మీ అన్న ఆయుధం కదా, దీనికీ పూజ కావాల" అంది. దీపం దాన్ని ఆనుకునే ఉంది. పూజ అయ్యాక చూద్దును కదా, ఆ వేడికి ఒకవైపు పట్టీ మెత్తబడి వంగుతోంది. చెయ్యి చాపాను. పూజలో ఉన్నది తాకితే అన్నకేమవుతుందోనని వెనక్కి తీసుకున్నాను. నా కళ్ళ ముందే అది కరిగి జారింది. ఎంత మూర్ఖురాలినో!

తెల్లవారి అమ్మ లేవకముందే మా మగ్గం గుడ్డ చీల్చి ఆ పక్కంతా చుట్టాను. అమ్మ అడిగితే, "పట్టీ వదులైందమ్మా, ఊడకుండా కట్టినాను" అన్నాను. అమ్మ సరేనంది.

మూడోనాడు తంతి వచ్చింది. అందులోని తేదీ చూస్తే, మేము దీపం వెలిగించే నాటికే అన్న లేడు. బుద్ధికి ఆ సంగతి తెలుసు. కానీ వెనక్కి తీసుకున్న ఆ చెయ్యిని నా మనసు ఇంతవరకూ మన్నించలేదు.

అమ్మ బతికినన్నాళ్ళూ ఆయుధపూజకు ఆ ట్యాంకు బయటికి వచ్చేది. ముందురోజు అమ్మ ఒక్కతే గదిలో కూర్చుని పాత కట్టు విప్పి, కొత్త గుడ్డ చుట్టేది. కరిగిన పట్టీని అన్నేళ్ళూ చూసింది కదా, నన్ను ఒక్క మాటా అడగలేదు. దీపం మాత్రం మూరెడు దూరంలో పెట్టేది.

ఇప్పుడు సరిహద్దులో ఉన్న పిల్లల గొంతు ఫోనులో వినిపిస్తోంది. మాకు ఉత్తరం రాకపోతే దీపం పెట్టడం తప్ప మరేం తెలియదు. అమ్మ పోయాక ఆ కట్టు మార్చేది నేనే; మా మగ్గాలూ పోయాయి, ఏటా దానికి గుడ్డ మందుల షాపులో కొంటున్నాను.

సాయంత్రానికి మనవరాలు తన ట్యాంకుకు ఫిరంగి కూడా పెట్టేసింది. బీరువాలోంచి నాది తీసి చూపించాను. పెట్టెలో మిగిలిన ముక్క చూసి, "ఇది నేను పెట్టేదా అవ్వా?" అంది.

"వద్దమ్మా, మా అన్న వచ్చి పెడతానన్నాడు" అన్నాను.