గీజరు కడిగిన ఆదివారం

గీజరు పాడైందని మా ఆయనకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. "ఫికర్ జెయ్యకు, చూపిద్దాం తియ్యి" అంటడు, తువ్వాల భుజాన ఏసుకొని తాండూరు బండల పాలిష్ యూనిట్‌ల పనికి పోతడు. ఆయనకేంది, చలికాలంల గూడ చన్నీళ్లే పోసుకుంటడు. నేను పొద్దున వికారాబాద్ రైలు దొరికించుకోవాలె, మొకం మీద రెండు చెంబులు చల్లుకుంటే అదే నా స్నానం. వేడి నీళ్లు కావాల్సింది మా అత్తమ్మకు.

అత్తమ్మకు కీళ్లవాతం. గోలీలు మింగుతనే ఉంటది. పొద్దుగాల లేచేసరికి చేతివేళ్లు ముడుచుకపోయి ఉంటయ్. వేడి నీళ్ల నల్లా కింద జరసేపు పెడితే ఒక్కో వేలు మెల్లగ సాగుతది. అప్పుడు వంటింట్లకొచ్చి, పీట మీద కూసొని, జొన్న రొట్టెలు కొడతది. దౌల్తాబాద్ దిక్కు గొర్లు కాసిన రోజుల సంది మా ఇంట్ల అందరికీ ఆమె చేతి రొట్టెనే. నేను కొడతనంటే, "నీ రొట్టె ఒకదిక్కు మందం, ఒకదిక్కు సన్నం. పో బిడ్డా, రైలు పోతది" అని నవ్వుతది. ఆ పీట మీద నన్ను కూసోనియ్యది.

గీజరు సతాయించుడు మొదలైనంక నీళ్లు గోరువెచ్చగనే వస్తున్నయ్. లోపల గుర్రుగుర్రుమని ఒకటే చప్పుడు. అత్తమ్మ రొట్టెలు అంచులకు పగులుడు మొదలైంది. ఒకరోజు పిండి ముద్ద చేతుల్లనే ఉండిపోయింది, వేళ్లు తెరుచుకోలె. ముద్దను మళ్ల గిన్నెల ఏసి, మీద బట్ట కప్పి, "నీళ్లు కాగుతలేవు బిడ్డా, అందుకే" అన్నది. గ్యాసు మీద కాగబెట్టి ఇస్తే గిన్నెల నీళ్లు జల్దినే సల్లారుతయ్, నల్లా ధార పడితేనే నరాలు సాగుతయ్ అంటది. మా ఆయన బజార్ల రొట్టెలు తెచ్చిండు. ఆమె ముట్టలేదు. ఇంత అన్నం కలుపుకొని, గోడ దిక్కు తిరిగి తిన్నది.

ఇగ ఆ రిపేరు చేసేటాయన సంగతి చెప్తే నాకే నవ్వొస్తది. ఎప్పుడు ఫోన్ చేసినా "దార్ల ఉన్న మేడం." ఒకసారి కొడంగల్‌ల ఉన్ననంటడు, ఒకసారి బొంరాస్‌పేటల. ఒకరోజు మా గల్లీల తిరిగే ఉల్లిగడ్డల ఆటో మైకు ఆయన ఫోన్ల ఇనొస్తున్నది. అయినా బొంరాస్‌పేటల్నే ఉన్నడంట! నా దిమాక్ ఖరాబైంది. నీ రాకడ వద్దు, నీ రిపేరు వద్దు అని ఫోన్ పెట్టేసిన.

ఆదివారం నేనే కొంగు దోపిన. కరెంటు బంద్ జేసిన, నీళ్ల వాల్వు కట్టేసిన, గీజరు కింద మడ్డి నీళ్లు ఇడిచే బోల్టు పట్టుకొని తిప్పితే తిరగదే! చూస్తె దాని సుట్టూ నల్లగ ముద్ద, రాయి లెక్క గట్టిపడింది.

"గా ముద్దనా? కారుతున్నదని నేనే అతికిచ్చిన. సుక్క గూడ కారుతలేదు చూడు" అన్నడు మా ఆయన, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. "మడ్డి పోయే తొవ్వనే మూసినవ్ గదయ్యా! ఏండ్ల సంది కడగకపోతే నీళ్లేం కాగుతయ్? పట్టు ఉలి!" అని ఒర్రిన. ఉలి, సుత్తి తెచ్చి చెక్కిండు.

బోల్టు ఊడంగనే బియ్యం కడిగిన నీళ్ల లెక్క తెల్లగ దుంకినయ్. ఎనకంగ పెచ్చులు పెచ్చులు పడ్డయ్. అడుగు మూత ఇప్పితే నీళ్లు కాగబెట్టే రాడ్డు కనవడనే లేదు, దాని మీద వేలెడు మందం సున్నపు బండ. "చూసినవా, మన తాండూరు బండ" అని నవ్వబోయిండు. నేనొక్క చూపు చూసిన, నిమ్మ ఉప్పు తెస్తనని దుకాణానికి ఉరికిండు.

రాడ్డును నిమ్మ ఉప్పు నీళ్లల్ల నానబెట్టినం, గీకినం. తేట నీళ్లు వచ్చేదాక లోపలంత కడిగినం. కొత్త రబ్బరు రింగు పెట్టి బిగిచ్చి, నల్లాల ధార నిండుగ వచ్చినంకనే కరెంటు ఏసినం. నా నడుము ఇరిగింది, గోర్లు పోయినయ్. అయినా దిల్ ఖుష్ అయింది. పొద్దున రొట్టె చప్పుడు ఇనొస్తదని ఆశవడ్డ.

తెల్లారి నల్లా ఇప్పితే పొగలు! వేలు పెట్టి ఎనకకు గుంజుకున్న. చన్నీళ్లు కలిపి, అత్తమ్మకు పీటేసి, నల్లా కింద చేతులు పెట్టిచ్చిన. ధార పడుతున్నది. అద్దం మొత్తం ఆవిరి పట్టింది. ఆమె చేతులు ఎర్రగైనయ్. వేళ్లు మాత్రం కదలలేదు. ఇంకా జరసేపు చూసినం. ఆమె ఒక చేతితోని ఇంకో చేతి వేలు గుంజబోయింది, గుంజే వేళ్లు గూడ వంగినయే గదా.

నా దిక్కు చూడకుండ, "ఇంకా మంచిగ కాగుతలేవు బిడ్డా" అన్నది.

"ఔ అత్తమ్మా, ఏడ కాగుతున్నయ్? దీని పాడుగాను! నీ కొడుకు సరిగ బిగియ్యనే లేదు" అని మస్తు గట్టిగ తిట్టిన.

ఆ మాటకు మా ఆయన ఉరికొచ్చిండు. పొగలు చూసి, "ఏందే, గింత వేడి..." అనబోయి, వాళ్లమ్మ చేతులు చూసిండు.

"ఔనమ్మా" అన్నడు. "నేనే సరిగ బిగియ్యలే. ఇయ్యాల పనికి పోను, మళ్ల ఇప్పి కడుగుత."