ఒకే నిమిషంలో కొన్న రెండు టికెట్లు

ఉత్తర మిన్నెసోటాలోని ఒక కౌంటీ రోడ్ల షెడ్డులో, మంచు తొలగించే బళ్ళకు ఏ దారి ఎవరిదో రేడియోలో చెప్పే గుమస్తా ఆర్లిస్ త్వేట్. ఎనిమిదిమంది డ్రైవర్లతో కలిసి ఆమె పద్దెనిమిదేళ్ళుగా వారానికొక లాటరీ టికెట్టు కొంటోంది. అంకెలు ఎంచేది యంత్రమే. డ్రాకు ముందే టికెట్టు నకలు ఫ్రిజ్ తలుపుకు అంటించాలన్నది మొదటి నియమం. అందరి తరఫున కొనేవారు గానీ, పాలుపంచుకునేవారు గానీ అదే లాటరీలో విడిగా మరొకటి కొనకూడదన్నది రెండోది. రెండూ రాసింది ఆర్లిసే.

రెండోదాన్ని ఆమె మొదటి నెల నుంచే మీరుతోంది. యంత్రంలోంచి ముందు వచ్చిన టికెట్టు అందరి తెల్ల కవరులోకి, తరువాతది కోటు జేబులోకి. నకలు తీసినది అందరిదీ, మిగిలినది తనదీ; ఎవరికీ నష్టం లేదని సమాధానపడింది.

ఆ శుక్రవారం తుఫాను. పెట్రోలు బంకు దుకాణదారు రెండు టికెట్లూ కలిపి చేతిలో పెట్టాడు; ఏది ముందు వచ్చిందో ఆమె చూడలేదు. ఆమె వాటిని చేతితొడుగులో దోపుకుని గాలికి ఎదురీదుతూ వచ్చింది. షెడ్డులో కరెంటు లేదు. నకలు తీయడం కుదరలేదు.

డ్రా అయ్యాక, సోమవారం ఉదయం రెండింటినీ బల్లమీద పరిచి, అంకెల కింద స్కేలు పెట్టి గెలిచిన అంకెలతో సరిచూసింది. ఒకదానిలో అయిదుకు అయిదూ కలిశాయి. నాలుగు లక్షల పన్నెండు వేల డాలర్లు. మూడుసార్లు చూసింది. రెండు టికెట్ల మీదా అచ్చయిన సమయం ఒకటే: నాలుగూ పదిహేడు.

‘ఇది నాదే’ అనుకుంది. ఆ మాట ఎంత సునాయాసంగా పుట్టిందో గమనించి కొయ్యబారిపోయింది.

అందరిదేనని చెప్పేస్తే గొడవే లేదు. కాని బహుమతి కోరే పత్రం మీద, బృందం కోసమే కొన్నానని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. తెలియనిదాన్ని తెలుసునని ఎలా రాయడం?

డ్రైవర్లు బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చారు.

“ఏం బ్యాంకరమ్మా, ఫ్రిజ్ బోసిపోయిందేం? టికెట్టు పట్టుకుని ఫ్లోరిడా చెక్కేద్దామనా?” అన్నాడు అందరిలోకీ పాతవాడైన ర్యాండల్ హౌగ్.

“గెలిచింది. కానీ అది మనదో నాదో నాకు తెలీదు.”

“నీదేంటి?”

“నేను విడిగా ఒకటి కొంటాను. ప్రతివారం.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ.”

ర్యాండల్ చేతిలోని కాఫీ కప్పు పెదవులదాకా వెళ్ళి ఆగింది. గెలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు.

డ్రైవర్లలో ఏకైక స్త్రీ మర్నా కోల్బ్ మెల్లగా అంది: “ఒక్కసారి విడిగా కొన్నానని నన్ను ఏడాదిపాటు బృందంలోంచి తీసేశావు కదే.”

“అవును.”

“ఇదే గదిలో, అందరి ముందూ.”

“అవును, మర్నా.”

ర్యాండల్ కప్పు బల్లమీద పెట్టాడు. “ఏది ఎవరిదో తెలీదనే రాయి. తొమ్మిది వాటాలకీ ఒప్పుకున్నామని అందరం కింద సంతకాలు పెడదాం. నీ వాటా నీకుంటుంది.”

ఆర్లిస్ అలాగే రాసింది. మర్నా అందరికన్నా చివర సంతకం పెట్టి, కలం మూత బిగించింది.

“వచ్చేవారం నుంచి కొనేది నేను. ఆ కవరిలా ఇవ్వు.”

ఆర్లిస్ ఇచ్చింది.

“మన డబ్బులుండే సొరుగు తాళం కూడా.”

బయట బళ్ళు ఒక్కొక్కటిగా స్టార్టవుతున్నాయి. ఆర్లిస్ రేడియో మైకు అందుకుంది. పద్దెనిమిదేళ్ళుగా చూడకుండా చెబుతున్న దారుల్లో మొదటిదాని పేరు ఎంతకూ గుర్తుకు రాలేదు.